ఎవరి వయసు? ఎవరి లెక్క? - నెల్లూరు తీరంలో జీవిత దశల చరిత్ర

నెల్లూరు సముద్రపు ఒడ్డున ఏ పాలెంలోనైనా పెద్దవాళ్ళని వయసెంతని అడిగితే అంకె చెప్పరు. గాలివాన చెప్తారు. "దివిసీమ ఉప్పెన నాటికి నా పెద్దబిడ్డ చంకలో ఉండాది", "కావలి గాలివానకి ముందే నా మొగుడు పోయినాడు" - ఇట్లా. 1977, 1984, 1989. ఈ మూడు నవంబర్లు పట్టుకొని లెక్క కట్టుకుంటే ఆ మనిషి వయసు దాదాపుగా తేలుతుంది. బడి మెట్లెక్కిన మా తరానికి ఆ బాధ లేదు. హెడ్మాస్టరు ఎత్తు చూసి, పళ్ళు చూసి, జూలై ఒకటో తారీఖు అని రాసేశాడు. ఈ వ్యాసం రాస్తున్న నలుగురిలో ముగ్గురం కాగితాల్లో జూలై ఒకటినే పుట్టాం.

నవ్వొచ్చే సంగతే గానీ ఇందులో ఒక చరిత్ర ఉంది. వయసు ప్రకృతి ఇచ్చేదని, అది అందరికీ ఒకేలా పెరుగుతుందని మనం నమ్ముతాం. బి.ఎడ్. చదివిన టీచర్లందరూ మనస్తత్వశాస్త్రం పేపర్లో వికాస దశలు బట్టీ పట్టినవాళ్ళే. శైశవం, బాల్యం, కౌమారం, యవ్వనం, నడివయసు, వార్ధక్యం. ఏ దశలో ఏం జరగాలి, జరక్కపోతే ఏం లోటు వస్తుంది అని పట్టికలు గీసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ పట్టికలు మా వాడకు ఎంతవరకు సరిపోతాయి? ఈ ప్రశ్న పరీక్షలో రాలేదు, క్లాసులో మేమూ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాం.

పట్టికల్లో ఎక్కువమందికి తెలిసినది ఎరిక్ ఎరిక్సన్‌ది. 1902లో జర్మనీలో పుట్టి, నాజీల కాలంలో అమెరికా చేరినవాడు. కన్నతండ్రి ఎవరో జీవితాంతం తెలియదు. పెంచిన తండ్రి ఇచ్చిన ఇంటిపేరును అమెరికా పౌరుడయ్యే వేళ 1939లో మార్చుకుని తన పేరు తానే పెట్టుకున్నాడు. అస్తిత్వ సంక్షోభం అనే మాటను లోకానికి అలవాటు చేసింది ఇతనే కావడంలో ఆశ్చర్యం లేదు. 1950లో వచ్చిన 'బాల్యం - సమాజం' అన్న అర్థం వచ్చే పుస్తకంలో మనిషి జీవితాన్ని ఎనిమిది దశలుగా విభజించాడు. పసితనంలో నమ్మకమా అపనమ్మకమా అన్న పెనుగులాటతో మొదలై, ముసలితనంలో సమగ్రతా నిరాశా అన్నదానితో ముగుస్తుంది. ఫ్రాయిడ్ బాల్యం దగ్గరే ఆగిపోతే, మనిషి చచ్చేదాకా ఎదుగుతూనే ఉంటాడని చెప్పడం ఎరిక్సన్ చేసిన మేలు. దాన్ని మేం కాదనడం లేదు.

మా పేచీ వేరే. ఈ దశలు నడవాలంటే మనిషికి కాలం చేతిలో ఉండాలి. కౌమారంలో సమాజం పిల్లలకు కొంత గడువిస్తుందని ఎరిక్సన్ అంటాడు. ఏ బాధ్యతా నెత్తిన పడకుండా, తానెవరో తేల్చుకోవడానికి ఇచ్చే గడువు. మా నాయనల తరంలో ఆ గడువు ఎవరికి దొరికింది? ఏడెనిమిదేళ్ళకే రెడ్ల ఇంట గొడ్లకాడ జీతానికి కుదిరిన పిల్లకాయ పదిహేనేళ్ళకు మడక పట్టి పెద్ద పాలేరయ్యేవాడు. వెట్టి రద్దు చట్టం 1976లో వచ్చింది. అంతకుముందు, తర్వాత కూడా చాన్నాళ్ళు, పెళ్ళి ఖర్చుకు తెచ్చిన అప్పు కింద తండ్రి జీతం కొడుక్కి మారేది. అలాంటివాడికి కౌమారం లేదు. బాల్యం నుంచి నేరుగా అప్పులోకి దిగుతాడు.

ఇక నాలుగో దశ సంగతి. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ దాకా పిల్లలు శ్రమశీలత నేర్చుకుంటారనీ, అది కుదరకపోతే న్యూనతాభావం వస్తుందనీ పట్టిక చెప్తుంది. శ్రమకైతే మా పిల్లకాయలకు కొదవే లేదు. పులికాటు అంచున యానాది పిల్లకాయలు వట్టి చేతుల్తో చేపలు పడతారు, ఎలక బొరియ ఎటు తిరిగిందో మన్ను చూసి చెప్తారు. తొంభైల్లో రొయ్యల గుంటలొచ్చినప్పుడు ఉప్పుటేర్లలో మోకాటిలోతు నీళ్ళలో నిలబడి రొయ్యపిల్లను ఏరి అమ్మింది ఆడవాళ్ళూ ఈ పిల్లకాయలే. మరి న్యూనత ఎక్కణ్ణుంచి వచ్చింది? చేసిన పనిని పనిగా, తెలిసిన విద్యను విద్యగా సమాజం ఒప్పుకుంటేనే పిల్లవాడిలో ఆ ధీమా నిలుస్తుంది. ఎరిక్సన్‌కి ఇది తెలుసు. నేర్చుకోవాలన్న పట్టుదల కంటే తన చర్మం రంగూ, తల్లిదండ్రుల పుట్టుకా తన విలువను తేలుస్తున్నాయని పిల్లవాడు కనిపెట్టే క్షణం ప్రమాదకరమని ఆయనే రాశాడు. అమెరికా నల్లవారి సంగతి చూసి రాసిన మాట అది. మన బి.ఎడ్. పుస్తకాల్లో దశల పేర్లన్నీ ఉంటాయి, ఆ ఒక్క వాక్యం ఉండదు.

ఆ క్షణం ఎలా ఉంటుందో అంబేద్కర్ రాసిపెట్టారు. 1901 ప్రాంతంలో, తొమ్మిది పదేళ్ళ వయసులో, అన్నతోనూ అక్క కొడుకులతోనూ కలిసి నాన్న ఉద్యోగం చేసే ఊరికి బయల్దేరారు. రైలు దిగాక పిల్లలు మహర్లని తెలిసి స్టేషను మాస్టరు మొహం తిప్పుకున్నాడు. బండివాళ్ళు ఎక్కించుకోలేదు. రెట్టింపు బాడుగ ఇచ్చి, బండి తామే తోలుకుంటూ పోయారు. దగ్గర తిండి ఉంది గానీ రాత్రంతా తాగడానికి నీళ్ళు పుట్టలేదు. అంటరానితనం సంగతి అప్పటికే తెలుసుననీ, కానీ ఆ ప్రయాణం తనను అదరగొట్టిందనీ ఆయన చెప్పుకున్నారు. ఇది ఏ దశ? పట్టికలో దీనికి గడి లేదు.

ఎరిక్సన్ మన దేశానికి రాకపోలేదు. 1962లో అహ్మదాబాదు వచ్చాడు. 1918 నాటి మిల్లు కార్మికుల సమ్మె చుట్టూ అల్లుతూ గాంధీ మీద పెద్ద పుస్తకం రాసి 1969లో అచ్చు వేశాడు. ఆయన శిష్యుడు సుధీర్ కకర్ 1968లోనే ఎరిక్సన్ దశలకూ హిందువుల ఆశ్రమధర్మానికీ పోలిక చూపి వ్యాసం రాశాడు. బ్రహ్మచర్యం, గార్హస్థ్యం, వానప్రస్థం, సన్యాసం. పడమటి శాస్త్రం ఇప్పుడు కనుక్కున్నది మనవాళ్ళకి ఎప్పుడో తెలుసని సంబరపడేవాళ్ళకి ఇలాంటి పోలికలు బాగా పనికొచ్చాయి. కాని ఆశ్రమాలు ఎవరికి? బ్రహ్మచర్యానికి తలుపు ఉపనయనం. మనువు లెక్కలో అది బ్రాహ్మణుడికి ఎనిమిదో ఏట, క్షత్రియుడికి పదకొండో ఏట, వైశ్యుడికి పన్నెండో ఏట. శూద్రుడికి ఆ తలుపే లేదు, ఆడమనిషికీ లేదు. ఇక ఊరవతల ఉన్న మా సంగతి చెప్పేదేముంది. మొదటి మెట్టు లేనివాడికి నాలుగు మెట్ల నిచ్చెన చూపించి భారతీయ జీవితచక్రం ఇదీ అనడం ఏం న్యాయం?

మనుస్మృతి రెండో అధ్యాయంలోనే ఇంకో లెక్క ఉంది. పదేళ్ళ బ్రాహ్మడూ నూరేళ్ళ క్షత్రియుడూ తండ్రీకొడుకుల్లాంటివాళ్ళట. అందులో తండ్రి ఆ పదేళ్ళవాడు. శూద్రుడికి వయసును బట్టి మన్నన దక్కాలంటే తొంభై దాటి పదో పదిలో పడాలట. అంటే ఈ దేశంలో వయసు ఏనాడూ ఏళ్ళ లెక్క కాదు, కులం లెక్క. ఇది పాతకాలపు పుస్తకం, ఇప్పుడెవరు చూస్తారు అంటారా? ఊళ్ళోకి రండి. ఆసామి కొడుకు, నిక్కరు వేసుకున్న పిల్లోడు, అరవయ్యేళ్ళ మా తాతని "ఒరే" అని పిలిచేవాడు. వెంకటసుబ్బయ్యని "సుబ్బిగా" అనేవాడు. తాత ఆ పిల్లోణ్ణి "అయ్యా" అనేవాడు. మా తాత పుట్టినప్పుడూ ఒరే, పెళ్ళయినప్పుడూ ఒరే, మనవలు పుట్టినప్పుడూ ఒరే. ఎనిమిది దశల మాట అటుంచి, ఆయనకు ఊరు ఇచ్చింది ఒక్కటే దశ.

మాకు లేని వయసు మీద రాజ్యానికి మాత్రం ఎప్పుడూ శ్రద్ధే. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కింద కావలిలో ఎరుకల కోసం సెటిల్మెంటు పెట్టారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ తరఫున బాడెన్ దొర దాన్ని నడిపాడు. నెల్లూరు యానాదుల మీద కూడా ఈ చట్టం పడింది. దాన్ని ఎత్తేయించడానికి వెన్నెలకంటి రాఘవయ్య ఏళ్ళ తరబడి తిరిగారు. ఆ చట్టంలో పిల్లలను తల్లిదండ్రుల నుంచి విడదీసి సంస్కరణ బడుల్లో ఉంచే అధికారం సర్కారుకు ఉంది. పిల్లలంటే ఎవరో కూడా చట్టమే చెప్పింది: ఆరేళ్ళ పైన, పద్దెనిమిదేళ్ళ లోపు. సరిగ్గా ఎరిక్సన్ నాలుగో దశా, ఐదో దశా. మనిషి పనిమంతుడయ్యే కాలం, తానెవరో తెలుసుకునే కాలం. ఆ కాలంలో పట్టుకుంటే జాతి మొత్తాన్ని మార్చేయొచ్చని దొరలకు ఏ మనస్తత్వవేత్తా చెప్పకుండానే తెలుసు. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952లో. ఇంకోపక్క, 2022 దాకా నెల్లూరు జిల్లాలో ఉండిన శ్రీహరికోట దీవి నుంచి రాకెట్ కేంద్రం కోసం యానాదులను తరలించారు. 1971 అక్టోబరు 9న అక్కణ్ణుంచి మొదటి రాకెట్ లేచింది. అక్కడ గడియారం సెకన్లు లెక్కపెడుతుంది. దీవి విడిచిన యానాది పుట్టిన సంవత్సరం మాత్రం ఎక్కడా రాసిలేదు.

ఇంతవరకు చెప్పిందంతా తీసేసుకున్న కాలం గురించి. అది ఒక సగమే. మా వాళ్ళు కాలాన్ని తిరిగి తెచ్చుకున్న సందర్భాలూ ఉన్నాయి. వాటిని చూస్తే దశల సిద్ధాంతం ఇంకోవైపు నుంచి బీటలిస్తుంది.

1840లో శామ్యూల్ డే నెల్లూరులో పెట్టిన మిషన్‌కు పాతికేళ్ళ పాటు చెప్పుకోదగ్గ ఫలితం లేదు. ఎత్తేద్దామని అమెరికాలో చాలాసార్లు అనుకున్నారు. తర్వాత అప్పట్లో నెల్లూరు జిల్లాలోనే ఉన్న ఒంగోలు వైపు మాదిగలు కదిలారు. ఎర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద 1866లో బాప్తిస్మం పుచ్చుకున్నాడు. ధాత కరువు దాటాక 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది నీళ్ళలో మునిగి లేచారు. కరువు గంజి కోసం చేరారని ఊరివాళ్ళు ఎద్దేవా చేశారు. కాని ఆ వరసలో నిలబడ్డ నడివయసు మాదిగ సంగతి ఆలోచించండి. బ్రాహ్మడికి ఎనిమిదో ఏట దక్కే రెండో పుట్టుక అతనికి నలభయ్యో ఏట దక్కింది, అదీ జంధ్యం లేకుండా. అస్తిత్వం అనేది పన్నెండు పద్దెనిమిదేళ్ళ మధ్య ఒంటరి కుర్రవాడు తన గదిలో తేల్చుకునే విషయమని పట్టిక అంటే, ఇక్కడ తాతా తండ్రీ మనవడూ ఒకే రోజు ఒకే ఏట్లో తేల్చుకున్నారు. 1985లో కారంచేడు తర్వాత చీరాల శిబిరంలో జరిగిందీ ఇట్లాంటిదే. మా వాళ్ళ దశలు వయసుల్లో కాదు, సంవత్సరాల్లో ఉన్నాయి.

గ్లెన్ ఎల్డర్ అనే అమెరికా సామాజిక శాస్త్రవేత్త 1974లో ఇంచుమించు ఈ మాటే చెప్పాడు. 1930ల ఆర్థిక మాంద్యంలో పెరిగిన పిల్లల మీద రాస్తూ, చరిత్ర మనిషిని ఏ వయసులో తాకిందన్నదే అతని తర్వాతి జీవితాన్ని నిర్ణయిస్తుందన్నాడు. అందరికీ ఒకే నిచ్చెన లేదు, పుట్టిన సంవత్సరాన్ని బట్టి నిచ్చెన మారుతుంది. దీనికి కులాన్ని కూడా కలిపి చదువుకోవాలి, అంతే.

ఇక 1990కి వద్దాం. జాతీయ సాక్షరతా మిషన్ 1988లో మొదలైంది. అది ఎంచుకున్న వయసు 15 నుంచి 35. ఎందుకు 35? ఆ వయసులోనైతే పెట్టిన ఖర్చుకు పని ఎక్కువ వస్తుందన్న లెక్క ఒకటి. ముదిరిన బుర్రకు చదువెక్కదన్న నమ్మకం ఇంకొకటి. పియాజే దశలు పదిహేనేళ్ళ దగ్గరే ఆగిపోవడం ఈ నమ్మకానికి ఊతమిచ్చింది. తన ఆఖరి దశ అందరికీ ఒకే వయసులో రాదనీ, మనిషి చేసే పనిని బట్టి ఉంటుందనీ పియాజే 1972లో సర్దుకున్నాడు గానీ, ఆ సర్దుబాటు మన సిలబస్ దాకా రాలేదు. చదువురాని పెద్దవాళ్ళని పిల్లల దశలో ఉన్నట్టు చూడటం ఈ సిద్ధాంతాల వెంట వచ్చిన జబ్బు. తాతని ఊరు పిలిచిన "ఒరే"నే ఇది శాస్త్రభాషలో పిలుస్తుంది.

ఈ విషయంలో రష్యా అనుభవం మనకు దగ్గరగా ఉంటుంది. 1931, 32ల్లో లూరియా అనే మనస్తత్వవేత్త, తన సహచరుడు వైగాట్‌స్కీతో అనుకుని, ఉజ్బెకిస్తాన్ పల్లెలకు వెళ్ళాడు. సమష్టి వ్యవసాయం, అక్షరాస్యత తరగతులు అప్పుడే మొదలవుతున్నాయి. సుత్తి, రంపం, గొడ్డలి, దుంగ - ఈ నాలుగు బొమ్మలు చూపించి ఒకదానితో ఒకటి కలవనిది ఏదని అడిగాడు. దుంగ అని జవాబు రావాలి, మిగతావి పనిముట్లు కదా. చదువురాని రైతులు నాలుగూ కావాలన్నారు. దుంగ లేకపోతే రంపంతో ఏం కోస్తావు? కొద్ది నెలలు చదువుకుని సమష్టి పొలాల్లో పనిచేసినవాళ్ళు పంతులు కోరిన జవాబు చెప్పారు. పెద్దయ్యాక కూడా ఆలోచించే తీరు మారుతుందని లూరియా తేల్చాడు. ఇది గొప్ప మాట. కానీ దుంగ కావాలన్నవాడి తర్కంలో తప్పేముందని మేం అడుగుతాం. పని చేసేవాడు వస్తువును పనితో కలిపి చూస్తాడు. రైతులను తక్కువ చేశాడన్న విమర్శలు రావడంతో ఆ పరిశోధన 1974 దాకా పుస్తకంగా రాలేదు. తర్వాత 1981లో స్క్రిబ్నర్, కోల్ అనే ఇద్దరు లైబీరియాలో వాయ్ జాతివాళ్ళని చూసి, ఉత్త అక్షరం మనిషిని మార్చదనీ, అక్షరంతో ఏం చేస్తాడన్నదే మారుస్తుందనీ చూపించారు.

అక్షరంతో ఏం చేశారో నెల్లూరు చూపించింది. అక్షరదీపం పేరుతో 1990 దశకం మొదట్లో జిల్లా అంతటా రాత్రిబడులు నడిచాయి. కూలి నుంచి వచ్చి, పొయ్యి ఆర్పి, లాంతరు కింద కూర్చున్న ఆడవాళ్ళకి వాచకంలో సీతమ్మ కథ వచ్చింది. సారాతో కాపురాలు కూలుతుంటే ఊరి ఆడవాళ్ళను కూడగట్టిన మనిషి కథ. కలిగిరి మండలం దూబగుంటలో ఆ పాఠం చర్చకొచ్చాక ఆడవాళ్ళు నిజంగానే సారాకొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. దూబగుంట కథ 'ఆడవాళ్ళు ఏకమైతే' పేరుతో తర్వాతి వాచకంలో పాఠమైంది. దాన్ని చదివి 1992లో మెట్ట నుంచి తీరం దాకా ఊరూరా లేచారు. వారుణి వాహిని పేరుతో సర్కారు సరఫరా చేసిన సారా ప్యాకెట్లు తగలబెట్టారు, వేలంపాటలు సాగనివ్వలేదు. 1993 ఏప్రిల్లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. అది వేరే కథ.

ఆ రోజుల్లో వచ్చిన రాతల్లో ఎక్కువ భాగం "మహిళలు" అనే మాటతో సరిపెట్టుకున్నాయి. వీధిలో కూర్చున్నవాళ్ళలో మాల, మాదిగ, యానాది, వెనకబడిన కులాల, ముస్లిం ఇళ్ళ ఆడవాళ్ళే ఎక్కువని కొద్దిమందే రాశారు. వాళ్ళ వయసు గురించి ఇంకా తక్కువ రాశారు. పెళ్ళీడు పిల్లలున్న తల్లులు, మనవలున్న అవ్వలు వాళ్ళు. హావిగ్‌హర్స్ట్ అనే షికాగో ప్రొఫెసరు ప్రతి వయసుకీ కొన్ని వికాస కృత్యాలు రాసిచ్చాడు. నడివయసుకు ఆయన రాసినవాటిలో తీరికవేళ వ్యాపకాలు పెంచుకోవడం ఒకటి. ఉప్పుమడిలో పారపట్టి ఇంటికొచ్చినవాళ్ళకి ఇది చదివి వినిపించాలని మాకు ఎప్పట్నుంచో కోరిక. అయితే ఆయనదే ఇంకో మాట పనికొచ్చేది ఉంది: అవసరం పండినప్పుడే పాఠం ఎక్కుతుందని. నెల్లూరులో అవసరం ఎప్పుడో పండి ఉంది. పాఠం ఆలస్యంగా వచ్చింది.

ఎరిక్సన్ ఏడో దశలో, ముందు తరం కోసం తపించడం నడివయసు లక్షణమన్నాడు. దీన్ని పిల్లల్ని పెంచి, ఉద్యోగం నేర్పి, ఆస్తి అప్పగించే కుటుంబాల భాషలో చదివితే మా అమ్మలు కనపడరు. అప్పగించడానికి ఆస్తి లేనివాళ్ళు కూలి డబ్బులు సారా కాంట్రాక్టరు పాలు కాకుండా అడ్డం నిలబడటం కూడా ఆ తపనే. ఐదో దశ పనీ, ఏడో దశ పనీ వాళ్ళు ఒకే రాత్రి చేశారు. కొట్టు ముందు కూర్చున్నప్పుడే తామెవరో తెలిసింది, పిల్లకాయల కూడూ నిలబడింది. ఒక దశ ముగిశాకే ఇంకోటి అనే వరస అక్కడ కుదరలేదు.

అందరికీ అది నిలిచిందని మేం చెప్పం. వాడకం లేని అక్షరాలు చెరిగిపోయాయి. రాత్రిబడులు పోయి పొదుపు సంఘాలొచ్చాయి, సంతకం బ్యాంకు కాగితానికి పరిమితమైంది. 1992లో పదేళ్ళ వయసులో తల్లి కొంగు పట్టుకుని సారాకొట్టు ముందు కూర్చున్న పిల్లలు ఇప్పుడు నలభైలు దాటారు. వాళ్ళలో టీచర్లున్నారు, రొయ్యల ఫ్యాక్టరీలో తలకాయలు తీసేవాళ్ళున్నారు. అమ్మకు ఆ వయసులో వచ్చింది తమకు ఏ వయసులో వచ్చిందో వాళ్ళే రాయాలి.

మాలో ఒకరి అవ్వ ఆ రాత్రిబడికి పోయేది. 35 దాటిందని రిజిస్టరులో పేరు ఎక్కించలేదు. వాలంటీరు పిల్లోడు, మా వాడవాడే, "నువ్వు లెక్కలోకి రావవ్వా" అన్నాడట. "లెక్కలోకి రాకపోతే పోనీలేరా, పలకైతే ఇయ్యి" అని వెనక గోడకు ఆనుకుని కూర్చుంది. పేరు రాయడం నేర్చుకుంది. 1995లో వృద్ధాప్య పింఛను పథకం వచ్చినప్పుడు 65 నిండాలన్నారు. అది 60కి దిగింది 2011లో. అవ్వకి ఏళ్ళు చూపే కాగితం లేదు. మండలాఫీసులో గుమాస్తా వయసెంతని అడిగితే తనకు తెలిసిన గాలివానలన్నీ వరసగా చెప్పింది. అతను ఆలోచించి ఏదో అంకె వేసి, వేలిముద్ర కోసం ఇంకు డబ్బా ముందుకు తోశాడు. అవ్వ దాన్ని పక్కకి జరిపి పెన్ను అడిగింది.